ముంత గోడకెక్కింది, గ్లాసు మాత్రం వేరే!

తాగుడు గురించి మాలమాదిగలకు నీతులు చెప్పనోడు ఈ దేశంలో ఎవడూ లేడు. గాంధీగారి శిష్యులు చెప్పారు. మిషను దొరలు చెప్పారు. వూరి ఆసామి కూడా చెప్తాడు. సాయంత్రం కల్లంలో కూలి డబ్బుల్లో సగం కోసి చేతిలో క్వార్టరు సీసా పెడతాడు, తెల్లారి అదే నోటితో 'మీ జాతి తాగి చెడిపోయిందిరా' అంటాడు. సరే, చెప్పేవాళ్ళంతా చెప్పినారు. ఈసారి మేము రాస్తున్నది తాగమనీ కాదు, మానమనీ కాదు. తాగే చోట మనల్ని యాడ కూర్చోబెడతాండారు, ఏ గ్లాసులో పోస్తాండారు, ఆ గ్లాసు ఎవరితో కడిగిస్తాండారు? మా ప్రశ్న ఇది.

'భూమి, కూలి, చదువు, ఉద్యోగం ఇన్ని వుండగా కల్లంగడి గ్లాసు పట్టుకున్నారేందబ్బా?' అని మన కార్యకర్తలే కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ కారంచేడు దేనితో మొదలైంది? మాదిగలు తాగే నీళ్ళలో గేదెల కుడితి కలపొద్దన్నందుకు. అడ్డం తిరిగి సువార్తమ్మ ఎత్తింది కత్తి కాదు, నీళ్ళ బిందె. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. చుండూరు దేనితో మొదలైంది? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవతో. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కారు. బిందె, సినిమా హాలు సీటు. ఇవి చిన్న సంగతులని మనం అనుకుంటాం గానీ పెద్దకులాలోళ్ళు ఎప్పుడూ అట్లా అనుకోలేదు. మన కాలు యాడ పెడతామో, మన మూతి దేనికి తగులుతుందో వాళ్ళకు బాగా లెక్క వుంది. 1927 మార్చి 20న మహాడ్ చెరువులో దిగి బాబాసాహెబ్ దోసిలి పట్టింది దప్పికకు కాదు గదా.

కాబట్టి గ్లాసు సంగతి మాట్లాడదాం. అదీ మన జిల్లా నుంచే, మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచే.

ఈ దేశంలో మద్యనిషేధం చాలా ముందుగా వచ్చిన జిల్లాల్లో మనదొకటి. ఈ సంగతి మన పిల్లలకు తెలీదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ముఖ్యమంత్రిగా వుండి 1937 అక్టోబరులో సేలం జిల్లాలో నిషేధం పెట్టినాడు. మరుసటేడు, 1938లో, చిత్తూరు జిల్లాతో పాటు కడప జిల్లాకు తెచ్చినాడు. సారాయి రాబడి పోయింది గదా, ఖజానా నిండేది ఎట్లా? 1939లో అమ్మకం పన్ను వేశారు. ఈరోజు మనం సబ్బు బిళ్ళ కొన్నా కట్టే పన్నుకు తాత అదే. నిషేధం యుద్ధకాలంలో సడలింది, 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మళ్ళీ వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక 1954 నవంబరులో ప్రకాశంగారి ప్రభుత్వం పడిపోయిందీ ఈ నిషేధం గొడవలోనే. మంత్రివర్గాలు నిలబడేదానికీ, కూలేదానికీ మద్యం పనికొచ్చింది. ఆ మద్యాన్ని తాగేవాడు కిందనా, గట్టు మీదనా, యాడ కూర్చుని తాగుతున్నాడని ఏ మంత్రివర్గమూ అడగలేదు.

మా పెద్దోళ్ళు చెప్పే కల్లంగడి ఇట్లా వుండేది. పెన్నా గట్టున, పాపాఘ్ని ఒడ్డున ఈతవనాలు. తెల్లారి దించిన కల్లు తియ్యగా వుంటుంది, మద్దేన్నానికి ముదురుతుంది, పొద్దుగుంకేసరికి పులిసి గొంతు పట్టుకుంటుంది. అంగడి ముందర కొట్టంలో వూరోళ్ళకు బండలు, ముంతలు. మన వాళ్ళకు కొట్టం బయట, చెట్టు కింద. కల్లు పోసే మనిషి ఎత్తు నుంచి పోస్తే, మనవాడు ఆకు దొప్పలోనో కొబ్బరి చిప్పలోనో పట్టుకొని తాగాల. చిప్పను ఇంటి నుంచి తెచ్చుకొని మళ్ళీ నడుముకు కట్టుకొని పోయిన వాళ్ళున్నారు. దుడ్డు మాత్రం చేతికియ్యాల. దుడ్డుకు అంటు లేదు. మన మాలలూ మాదిగలూ కూడా అదే చెట్టు కింద ఒకరికొకరు ఎడంగా కూర్చునేవాళ్ళని, ఒకరి చిప్ప ఇంకొకరు ముట్టేవాళ్ళు కాదని కూడా మా పెద్దోళ్ళే చెప్పారు. దాచడమెందుకు? వూరోడి దగ్గర నేర్చిన విద్యను మనం పల్లెలో అప్పజెప్పుకున్నాం.

చిప్ప పోయిందా? పోయింది. దాని బదులు టీ హోటళ్ళలో రెండు గ్లాసులు వచ్చాయి, గోడకు కొట్టిన మేకుకు మన గ్లాసు వేరే. జస్టిస్ పున్నయ్య కమిషన్ రాష్ట్రమంతా తిరిగి 2001లో ఇచ్చిన నివేదికలోనూ ఈ రెండు గ్లాసుల పద్ధతి వుంది. ఆ తర్వాత ఒక తెలివైన మార్పు జరిగింది. కాగితం కప్పు వచ్చింది! తాగు, పారెయ్. ఎవరు తాగారో ఎవరు కడగాలో తగాదా లేదు. 'చూడండి, మా వూళ్ళో రెండు గ్లాసులు లేవు' అని పంచాయతీ పెద్దలు గొప్పలు చెప్పుకుంటారు. మేము ఈ మూడు తాలూకాల పల్లెల్లో తిరిగి చూసింది ఏమంటే, అదే హోటల్లో ఆసామికి స్టీలు గ్లాసు, మనకు కాగితం కప్పు. అడిగితే 'శుభ్రతన్నా, అంతే' అంటాడు. శుభ్రత అయితే ఆసామికి కూడా కాగితంలోనే పొయ్యొచ్చు గదా సామీ? కరోనా కాలం ఈ జబ్బుకు మంచి ముసుగైంది.

ఇంక బ్రాందీ అంగడి. టౌన్‌లో బారు అయితే ఎవరి టేబుల్ వాళ్ళది. ప్రొద్దుటూరులో బంగారం వ్యాపారి పక్క టేబుల్‌లో మన మేస్త్రీ కూర్చుంటాడు. బిల్లు కడితే చాలు. టౌన్ చేసిన మేలు అది, కాదనం. పల్లెల్లోని బెల్టు అంగడి కథ వేరు. అది ఎవరిదో వూరందరికీ తెలుసు, పోలీసులకు తప్ప. లోపల అరుగు మీద వాళ్ళు కూర్చుంటారు. మనవాడు కిటికీలో దుడ్డిచ్చి సీసా తీసుకొని వంకలోకో, వామి చాటుకో పోవాల. అరుగు ఎక్కితే 'ఏరా, కాళ్ళు బలిసినాయా' అంటారు. ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం ఆ సీసాలే పల్లె నడుమకు ఆటోలో వస్తాయి, కోడి పలావుతో కలిపి. ఫ్యాక్షన్ల కాలంలో జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఇంతకంటే ఎక్కువ చూశాం. నాయకుడి ఇంటి ముందర తాగబోసి, తెల్లారి గడ్డపార చేతికిచ్చి ముందర నడిపించారు. చచ్చింది ఎవరు, జైలుకు పోయింది ఎవరు, కాంట్రాక్టులు తిన్నది ఎవరు? మీకు పేర్లు మేము చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో చోటు సంగతి.

మా పల్లె పిల్లోడొకడు బెంగుళూరులో కంప్యూటరు కంపెనీలో పని చేస్తాండాడు. నిరుడు ఒక సభకని మేము ముగ్గురం అక్కడికి పోయి వుంటే, 'రండి పెదనాయనా, మీకొక చోటు చూపిస్తా' అని ఒక పబ్బుకు తీసుకపోయినాడు. బయట నుంచి చూస్తే నూటాభై ఏండ్ల కట్టడం మాదిరి వుంది. పెచ్చులూడిన ఇటిక గోడ, పొగచూరిన దూలాలు, ఇత్తడి దీపాలు, పీపాల మీద బల్లలు. తెల్లదొరల కాలపు సత్రమేమో అనుకున్నాం. పిల్లోడు నవ్వి, 'నాలుగేండ్లు కూడా కాలేదు పెదనాయనా, పెచ్చులు కూడా కావాలని కొట్టించినారు' అన్నాడు. దూలాలకు నల్లరంగు పూసినారంట! ఒక గోడకు ఎద్దులబండి చక్రం, కల్లు లొట్టి, మట్టి ముంతలు వరసగా తగిలించి వున్నాయి. మా తాతలు చెట్టు కింద కూర్చుని తాగిన ముంతకు, చిప్పకు అక్కడ గౌరవం దొరికింది. కింద పరిచింది మాత్రం మన ఎర్రగుంట్ల వైపు నాపరాయి. అంత పాతకాలపు వేషంలోనూ నిజంగా పాతది ఆ రాయి ఒక్కటే. దాన్ని గనిలో నుంచి తీసిన చేతులు ఎవరివో మాకు తెలుసు.

గుమ్మం దగ్గరే ఒక తమాషా. మాలో ఒకరికి కాళ్ళకు హవాయి చెప్పులున్నాయి. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టినాడు. కులం అడగలేదు, చెప్పులు చూసినాడు. పిల్లోడు ఇంగ్లీషులో ఏదో మాట్లాడితే వదిలినాడు. కాపలా మనిషి కూడా తెలుగోడే, మన అనంతపురం పక్కోడు. చేతులు నలుపుకుంటూ 'డ్యూటీ అన్నా' అన్నాడు.

లోపల ఒక చెక్క పళ్ళెంలో ఆరు చిన్న గ్లాసులు తెచ్చి పెట్టినారు. రుచి చూసి నచ్చింది తెప్పించుకోవాలంట. ఒకటి గోధుమలది, పలచన. ఒకటి నల్లది, మాడిన బెల్లం వాసన. ఒకటి చల్లగా లేదు, నురగ తక్కువ, ఇంగ్లీషు పద్ధతి ఏల్ అన్నారు. అబద్ధం చెప్పడమెందుకు, నల్లది మాకు బాగా నచ్చింది. ఆ ఏల్ అయితే పులిసిన రాగంబలి తేట మాదిరి వుంది, దాన్ని కూడా వదల్లేదు. ఒక పెద్ద గ్లాసు ఖరీదు చూస్తే గుండె ఆగింది. మన రాష్ట్రంలో 2024-25లో ఉపాధి హామీ పని దినానికి 300 రూపాయలు. ఆ కూలి ఒక్క గ్లాసుకు చాలదు.

మా మాట యాస విని పక్క బల్ల నుంచి ఒకాయన లేచి వచ్చినాడు. 'ప్రొద్దుటూరా! మాది జమ్మలమడుగు పక్కనే' అని భుజం మీద చెయ్యేసినాడు. పెన్నా నీళ్ళు, గండికోట, మైలవరం డ్యాము, అన్నీ మాట్లాడినాడు. మాకూ సంతోషమైంది. పరాయి చోట మన మాట వినబడితే ఎవరికి బాగుండదు? గ్లాసెత్తి తాకించబోతూ, మధ్యలో ఆపి, నెమ్మదిగా అడిగినాడు: 'ఇంతకీ మీరేమిటోళ్ళు?' చెప్పినాం. దాచే అలవాటు మాకు లేదు. ఆయన మొహంలో కోపమేమీ కనబడలేదు. 'ఓహో, మంచిదే మంచిదే' అన్నాడు. గ్లాసు తాకించలేదు. ఫోనొచ్చినట్టు చూసుకుంటూ తన బల్లకు పోయినాడు. మా పిల్లోడు తల దించుకున్నాడు. ఆఫీసులో తన పేరు చివర ఏమీ పెట్టుకోడు, వూరడిగితే 'కడప' అని ఆపేస్తాడు. అంత చదువు చదివి, అంత జీతం తెచ్చుకొని, ఆ పొద్దు మా నాలుక వల్ల ఆ చోట బయటపడినాడు పాపం. ఎర్రగుంట్ల రాయి బెంగుళూరు దాకా వచ్చినట్టే, చెట్టు కింది చిప్ప కూడా వచ్చింది.

ఆ ఏల్ కథ చెప్పాల్సింది ఇంకొంచెం వుంది. ఇంగ్లండులో దాన్ని పీపాలోకి పోసిన తర్వాత కూడా వడగట్టరు, కాచరు, పైనుంచి గ్యాసు ఎక్కించరు. పీపాలోనే ఇంకోసారి పులుస్తుంది. నేలమాళిగలో 12 డిగ్రీల దగ్గర పెట్టి, చేతి పంపుతో గ్లాసులోకి లాగుతారు. తెరిచిన పీపా మూడు దినాల్లో అయిపోవాల, లేకుంటే పాడవుతుంది. అంటే మన కల్లుకు దూరపు చుట్టమన్నమాట. పెద్ద కంపెనీలు గ్యాసు బీరు తెచ్చి దీన్ని చంపేస్తున్నాయని 1971లో అక్కడి తాగేవాళ్ళే కామ్రా అనే సంఘం పెట్టుకొని నిలబెట్టుకున్నారు. కల్లు కోసం ఇక్కడ అట్లాంటి సంఘం ఎవరు పెట్టారు? ఈతవనాలు పోయినాయి, గీత గీసే చేతులు పోయినాయి. మిగిలిన చోట్ల మత్తుమందు కలిపిన నీళ్ళు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి చచ్చిపోయింది కూలోళ్ళే గదా.

అయితే ఆ ఇంగ్లండు పబ్బు అందరినీ రమ్మన్న చోటేమీ కాదు. వాళ్ళ పబ్బుల్లో కూలోళ్ళకు ఒక గది, దొరబాబులకు మెత్తటి కుర్చీల గది, అదే బీరుకు రెండు ధరలు వుండేవి. బర్మింగ్‌హాం పక్కన స్మెథిక్ అని ఇనుము పోత పోసే వూరుంది. పంజాబు నుంచి పోయిన మనవాళ్ళు ఆ పోత కొలుముల దగ్గర పనిచేసేవాళ్ళు. సాయంత్రం పబ్బుకు పోతే మెత్తటి గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. అవతార్ సింగ్ జౌహల్ అనే కార్మిక నాయకుడు, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వాళ్ళు ఏం చేశారంటే, తెల్ల విద్యార్థులను వెంటేసుకొని పబ్బు తర్వాత పబ్బుకు పోయి గ్లాసు అడిగారు. వాళ్ళకు పోసి వీళ్ళకు పొయ్యకపోతే అక్కడే నిలదీశారు. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లవాళ్ళ నాయకుడు మాల్కం ఎక్స్‌ను ఆ వూరికి పిలిపించారు. ఆయనను కూడా పబ్బులో ఆ గదిలో కూర్చోనియ్యలేదు. ఇంకో తొమ్మిది దినాలకే న్యూయార్కులో ఆయన్ను కాల్చి చంపారు. అదే ఏడాది చివర్లో బహిరంగ స్థలాల్లో రంగు చూసి మనిషిని ఆపడం తప్పని ఆ దేశం చట్టం చేసింది. మాల్కం ఎక్స్ ముస్లిం, మందు ముట్టడు. ఆయన బీరు కోసం పోలేదు. మన సంఘాల్లో 'తాగుబోతుల హక్కు మాకెందుకు' అనే అన్నలు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

ఆ స్మెథిక్ కథకు తోక ఒకటుంది. తెల్లోడు ఆపితే ఒక్కటైన మనవాళ్ళు కులాన్ని మాత్రం విమానంలో వెంట తీసుకపోయినారు. ఆ దేశపు సమానత్వ చట్టంలో కులాన్ని కూడా చేర్చాలని 2013లో పార్లమెంటు తీర్మానించింది. 2018లో అక్కడి ప్రభుత్వం అక్కర్లేదని పక్కన పెట్టేసింది. వద్దని ఒత్తిడి పెట్టింది ఎవరో తెలుసా? మన దేశం నుంచి పోయిన పెద్దకులాల హిందూ సంఘాలే.

ఇప్పుడు మన అక్కచెల్లెళ్ళ మాట. ఈ వ్యాసం రాయకముందు మేము పల్లెల్లో దీన్ని చర్చకు పెట్టినాం. మొగోళ్ళు కొందరు 'అరుగు మీద కూర్చోవాల్సిందే' అన్నారు. ఒక పెద్దమ్మ లేచి అడిగింది: 'అరుగు మీద కూర్చుని తాగితే ఏంది, వామి చాటున తాగితే ఏంది నాయనా, ఇంటికొచ్చి తన్నేది నన్నే గదా?' దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోకూడదు.

ఆమె లెక్క మన లెక్క కంటే గట్టిది. ఒక క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. అందులో మత్తు పదార్థం 42.8 శాతం, అంటే నికరంగా 77 మిల్లీలీటర్లు. కల్లులోనో ఆ ఏల్‌లోనో అది 5 శాతం దగ్గర. అంత మత్తు రావాలంటే లీటరున్నర తాగాల, కడుపు పట్టదు, పూట పడుతుంది. క్వార్టరును మనవాడు నిలబడి నీళ్ళు కలిపి రెండు గుక్కల్లో దించుతాడు. ఎందుకంటే కూర్చునే చోటు లేదు, వంకలో చీకటి, ఆసామి చూస్తాడని భయం. అంటే చోటు లేకపోవడం కూడా మనిషిని తొందరగా, ఎక్కువగా తాగిస్తాంది. ఈ రెండూ వేరు వేరు గొడవలని మేము అనుకోవడం లేదు. అయినా పెద్దమ్మ తన్నులకు ఇది పూర్తి జవాబు కాదు. ఆమెకు కావలసింది అంగడి లేకపోవడం. ఆ మాట అడిగే హక్కు మొట్టమొదట ఆమెకే వుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మా, ఆమె వెనుక కూలి ఆడవాళ్ళూ సారాయి అంగడి మూయించినప్పుడు వాళ్ళల్లో ఎక్కువమంది మన వాడల వాళ్ళే. అక్షరదీపం రాత్రిబడిలో సీతమ్మ కథ చదువుకొని లేచినారు. ఆ ఏటికి ప్రభుత్వానికి మద్యం రాబడి 800 కోట్లు దాటింది. 1980లలో వారుణి వాహిని అని పేరుపెట్టి సారాయిని ప్యాకెట్లలో ఇంటింటికి పంపి పెంచిన రాబడి అది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి నిషేధం వచ్చింది, 1995 జనవరిలో పూర్తి నిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు. గెలిచింది ఆడవాళ్ళు. పేపర్లలో బొమ్మలు పడింది ముఖ్యమంత్రులవి. అంగళ్ళు మళ్ళీ తెరిచినప్పుడు ఆ ఆడవాళ్ళను ఒక్కమాట కూడా అడగలేదు.

పులివెందుల నుంచి గెలిచి 2019లో ముఖ్యమంత్రి అయిన జగన్‌మోహన్ రెడ్డిగారు దశలవారీగా నిషేధిస్తామన్నారు. ఆ ఏడు అక్టోబరు నుంచి అంగళ్ళను ప్రభుత్వమే నడిపింది. ధరలు పెరిగినాయి, ఎన్నడూ వినని పేర్ల సీసాలు వచ్చినాయి, నిషేధం మాత్రం రాలేదు. 2024 అక్టోబరులో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం 3,396 అంగళ్ళను లాటరీ వేసి ప్రైవేటు వాళ్ళకిచ్చింది. 99 రూపాయలకు క్వార్టరు అని చాటింపు వేసింది. లాటరీలో పేరు వెయ్యడానికే 2 లక్షలు కట్టాల, అంగడి రాకపోయినా తిరిగి రాదు. ఏ మాలోడి దగ్గర, ఏ మాదిగోడి దగ్గర పోగొట్టుకోవడానికి 2 లక్షలున్నాయి? గీత కులాలకు 10 శాతం అంగళ్ళిచ్చారు. చెట్టు పోయిన వాళ్ళకు ఆ మాత్రం ఇవ్వడం న్యాయమే, మేము తప్పుపట్టం. మనకు కూడా అంగళ్ళలో వాటా కావాలని మన నాయకుల్లో ఒకరిద్దరు అంటున్నారు. మా మాట సూటిగా చెప్తాం: మా పల్లెకు మావాడే విషం అమ్మే వాటా మాకొద్దు. అంతకంటే ఆ రాబడి ఎస్సీ హాస్టళ్ళకు ఎంత పోతాందో లెక్క అడుగుదాం.

అట్లాగే పెద్దమ్మ కోపాన్ని అప్పు తీసుకొని వూరి పెద్దలు పల్లెలో మద్యం కమిటీలు వేస్తే నమ్మొద్దు. వాళ్ళ కమిటీ పల్లెలో తాగినోడికి జరిమానా వేస్తుంది. అరుగు మీది వాళ్ళ జోలికి పోదు. మూస్తే అరుగూ మూయాల, కిటికీ కూడా మూయాల. మూయనంత కాలం, అందరికీ తెరిచిన చోట అందరికీ ఒకే అరుగు, ఒకే గ్లాసు. అరుగెక్కే హక్కు వుందని ప్రతివాడూ తాగాలని లేదు. గుడి ప్రవేశానికి పోరాడినోళ్ళంతా భక్తులా?

చట్టం ఏం చెప్తుందో కూడా రాస్తాం, చదువు రానివాళ్ళకు వినిపించండి. రాజ్యాంగం 15(2) అంగళ్ళలో, హోటళ్ళలో కులం పేరుతో ఆపకూడదంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షను హోటల్లోని పాత్రల పేరు పెట్టి మరీ చెప్పింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో వుంది. దాని 3(1)(జెడ్‌ఏ) ప్రకారం, జనమందరికీ తెరిచిన చోట జనం వాడే పాత్రనూ వస్తువునూ ఎస్సీ ఎస్టీలను వాడనీయకపోతే ఆరు నెలల నుంచి ఐదేండ్ల జైలు. బెల్టు అంగడికి లైసెన్సు లేదు గదా, కేసు ఎట్లా అని ఒక పోలీసాయన మమ్మల్ని అడిగినాడు. లైసెన్సు లేని అంగడి నడుపుతున్నాడని ఒక కేసు, అరుగు ఎక్కనియ్యలేదని ఇంకో కేసు, రెండూ కట్టండి సారూ అన్నాం. మాలోడు మాదిగోడిని ఆపితే అత్యాచారాల చట్టం పనిచెయ్యదు, 1955 చట్టం మాత్రం పనిచేస్తుంది. మనవాళ్ళు అది కూడా తెలుసుకొని వుండాల.

కాగితం కప్పు కేసు గట్టిగా నిలవాలంటే సాక్ష్యం జాగ్రత్తగా పట్టుకోండి. ఒకే పూట, ఒకే హోటల్లో, ఎవరికి స్టీలు గ్లాసు ఇచ్చారో, ఎవరికి కాగితం ఇచ్చారో తేదీ, సమయం రాయండి. సెల్‌ఫోనులో ఫోటో తియ్యండి. స్మెథిక్‌లో మాదిరి, మనతో కలిసొచ్చే బీసీ, ముస్లిం స్నేహితుడిని ఒకర్ని ముందర పంపించి టీ తాగించండి, వెనకనే మీరు పోండి. అరుగు ఎక్కేటప్పుడు ఒక్కరే పోకండి, తాగి పోకండి. స్టేషనులో 'విచారించి చెప్తాం' అంటే 2018లో చేర్చిన 18-ఎ సెక్షను చూపించండి. ఎఫ్.ఐ.ఆర్. కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని అందులో వుంది. దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి, ఎస్సై కాదు. స్టేషను దాకా పోలేనివాళ్ళు 14566కు ఫోను చెయ్యొచ్చు.

ప్రతి నెలా 30వ తేదీన ఏదో ఒక పల్లెలో తాసిల్దారు, ఎస్సై వచ్చి పౌరహక్కుల దినం జరపాల. చాలా చోట్ల సంతకాలు పెట్టుకొని ఫోటో తీసుకొని పోతాండారు. ఈసారి మీ పల్లెకొచ్చినప్పుడు వాళ్ళను హోటలు దాకా నడిపించుకొని పోండి. వాళ్ళకూ మీకూ కలిపి టీ చెప్పండి. ఏ చేతికి ఏ గ్లాసు వచ్చిందో రాసి మాకు పంపండి, వచ్చే సంచికల్లో వూరి పేరుతో సహా అచ్చువేస్తాం.